లేబుల్ లేని రెండు సీసాలు

హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ దాటి వెళ్తే మర్రిగూడ వైపు ఊళ్లు. నల్గొండ జిల్లా. ఫ్లోరోసిస్ గురించి పేపర్లో చదివే ఉంటారు కదా, ఆ ఊళ్లే. డిగ్రీ జియాలజీ స్టూడెంట్లం, భూగర్భజలాల ఫీల్డ్ ట్రైనింగ్‌కి వెళ్లాం. పిక్నిక్ మూడ్‌లోనే, అబద్ధమెందుకు!

మొదటి పని, బోర్లో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కొలవడం. పొడవాటి టేపు, చివర సెన్సర్. నీళ్లు తగలగానే బీప్ మంటుంది. మోటార్ నడుస్తుంటే మట్టం దిగిపోతుంది కాబట్టి ఆపి చాలాసేపు ఆగాలి. నేల మీదికి వచ్చిన కేసింగ్ పైపు ఎత్తును తీసేయాలి. నేను మొదటి మూడు బోర్లకీ తీసేయలేదు, సార్‌తో తిట్లు తిన్నాను. శాంపిల్‌కి మాత్రం రివర్స్: మోటార్ కాసేపు నడిపాకే పట్టాలి. లేకపోతే పైపులో నిలవున్న నీళ్లే సీసాలోకి వస్తాయి. సీసా కూడా ప్లాస్టిక్‌దే. అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపాలి.

ఇక్కడి గ్రానైట్ బండలోని బయోటైట్, అపటైట్, ఫ్లోరైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు దాన్ని కరిగించుకుంటాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి పుస్తకాల్లో పేరేంటో తెలుసా? నల్గొండ టెక్నిక్. మన జిల్లా పేరు అలా ఎక్కింది.

ఓ ఇంటి దగ్గర అవ్వ అడిగింది: "ఈ నీళ్లు తాగొచ్చా బిడ్డా? నల్లా రాన్నాడు ఇవే తాగుత."

"ల్యాబ్‌లో చూసి చెప్తాం అవ్వా" అన్నాను.

ల్యాబ్‌లో ఎలక్ట్రోడ్‌ని ముందు తెలిసిన ద్రావణాలతో సరిచూడాలి. గాఢత పదింతలైతే రీడింగ్ దాదాపు 59 మిల్లీవోల్టులు మారాలి. శాంపిల్‌లో బఫర్ కలపాలి, లేకపోతే అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ని పట్టేసుకుని లెక్క తక్కువ చూపిస్తుంది. అన్నీ పక్కాగా చేశాం. రెండు సీసాల మీద మాత్రం పేరు లేదు! ఒకటి బడి చేతిపంపుది, ఒకటి అవ్వ బోరుది. రాయాల్సింది నేనే. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. ఒక సీసా 1 లోపే. ఇంకోటి 1.5కి రెండింతలు దాటింది. ఫీల్డ్‌లో రాసుకున్న ఈసీ చూసి కనిపెడదామంటే రెండింటికీ దాదాపు ఒకటే.

శనివారం సొంత ఖర్చుతో బస్సెక్కి మళ్లీ పట్టుకొచ్చాను. ఎక్కువున్నది అవ్వదే. ఆ తర్వాతి వారం చెప్పడానికి వెళ్లాను.

"గట్లనా? కాగబెట్టుకొని తాగుత తీ."

"కాగబెడితే పోదవ్వా. నీళ్లు ఆవిరైపోయి ఫ్లోరైడ్ ఇంకా చిక్కనవుతుంది."

కాసేపు మాట్లాడలేదు. "సెలవులకు మనుమడొస్తడు. యాది మరుస్తనేమో, దాని మీద రాసిపో బిడ్డా" అంది.

జేబులో మార్కర్ ఉంది. కేసింగ్ పైపు తుడిచి 'తాగొద్దు' అని పెద్దగా రాశాను.