గాలిలో నిలబడటం

హెలికాప్టర్ సిమ్యులేటర్‌లో మిసైల్ వదలడం నాకు మొదటి వారంలోనే వచ్చేసింది. గాలిలో ఒకచోట కదలకుండా నిలబడటం రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఈ తేడా గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

మాది అశ్వారావుపేట. ఎటు చూసినా పామాయిల్ తోటలు. ఒక దిక్కుకి కాస్త దూరం పోతే ఆంధ్ర, ఇంకో దిక్కుకి పోతే అడవి. ఆ అడవి అలా అలా భద్రాచలం దాటి ఛత్తీస్‌గఢ్ దాకా పోతుంది. ఉద్యోగం హైదరాబాదులో అయినా వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికినప్పుడల్లా ఇంటికి వచ్చేస్తాను. ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న జాయ్‌స్టిక్, పెడల్స్ ఉన్నాయి. కంప్యూటర్లో ఉన్నది డీసీఎస్ వరల్డ్. ఈగిల్ డైనమిక్స్ అనే కంపెనీ 2008లో కేఏ-50 అనే రష్యన్ యుద్ధ హెలికాప్టర్‌ని ‘బ్లాక్ షార్క్’ పేరుతో మన బల్లల మీదికి తెచ్చింది. తర్వాత ఎంఐ-8, హ్యూయీ, ఎంఐ-24 వచ్చాయి. 2022లో అపాచీ వచ్చింది. దీన్ని గేమ్ అంటే ఆడేవాళ్లలో చాలామందికి కోపమొస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేయడానికే బోలెడు స్విచ్చులు వరుసగా వేయాలి, మాన్యువల్ చూస్తే వందల పేజీలు. చదువుకునేటప్పుడు ఇంత శ్రద్ధ ఉంటే ఎక్కడో ఉండేవాడివి అని మా నాన్న అంటుంటాడు.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. హెలికాప్టర్లో ఎడమ చేతికి కలెక్టివ్ ఉంటుంది. దాన్ని పైకి లాగితే పైన తిరిగే రెక్కలన్నీ ఒకేసారి కోణం పెంచుకుని గాలిని ఎక్కువగా కిందికి తోస్తాయి, మనం లేస్తాం. కుడి చేతిలో ఉండేది సైక్లిక్. అది ఎటు వంచితే అటు జారతాం. కాళ్ల కింద పెడల్స్, ముక్కు ఎటు తిరగాలో చెప్పడానికి. విడివిడిగా చూస్తే మూడూ తేలికే. కానీ కలెక్టివ్ లాగగానే ఇంజిన్ బలం పెరుగుతుంది, రెక్కలు ఒకవైపు తిరుగుతుంటే ఒళ్లు రెండోవైపు తిరగబోతుంది, పెడల్ తొక్కాలి. పెడల్ తొక్కితే తోక దగ్గరి చిన్న రెక్క మొత్తం హెలికాప్టర్‌నే పక్కకి నెడుతుంది, సైక్లిక్ వంచాలి. వంచితే పైకి ఎత్తే బలం కొంచెం తగ్గుతుంది, మళ్లీ కలెక్టివ్ లాగాలి. అమెరికా హెలికాప్టర్లలో ఎడమ పెడల్ తొక్కాలి, రష్యా ఎంఐ-8లో కుడిది, ఎందుకంటే దాని రెక్కలు ఎదురు దిక్కులో తిరుగుతాయి. ఒకదానికి అలవాటైన కాళ్లు రెండోదాంట్లో ఎక్కితే మొదట్నించీ నేర్చుకోవాల్సిందే.

చిన్నప్పుడు మా వీధిలో బోరింగు దగ్గర్నించి నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని నడిచొచ్చే ఆడవాళ్లని రోజూ చూసేవాణ్ణి. నీళ్లు ఒలికేవి కావు. బిందె ఒరిగాక సర్దుకుంటే ఆలస్యమైపోతుంది. ఒరగబోతోందని మెడకి ముందే తెలుస్తుంది. హోవర్ అంటే సరిగ్గా అదే. హెలికాప్టర్ కదిలింది అని కంటికి తెలిసేలోపు చెయ్యి సర్దేసి ఉండాలి. ఎంత సర్దాలంటే, జాయ్‌స్టిక్ కదిలిందో లేదో పక్కనున్న మనిషికి కనపడనంత. మొదటిసారి నేను రెండు నిమిషాలు చెట్ల పైన కదలకుండా నిలబడ్డ రోజు అమ్మ వెనక నుంచి చూసి, “ఏందిరా, ఇందాకట్నించీ అక్కడే ఉంది, ఆగిపోయిందా?” అంది. నాకు ఇప్పటిదాకా వచ్చిన మెప్పుల్లో అదే పెద్దది.

ఇందులో ప్రాణం తీసే విషయం ఇంకోటుంది. ముందుకి వేగం లేకుండా, ఇంజిన్ బలం వాడుతూ నిట్టనిలువుగా తొందరగా దిగితే, హెలికాప్టర్ తను కిందికి తోసిన గాలిలోకే తను దిగుతుంది. దీన్ని వోర్టెక్స్ రింగ్ స్టేట్ అంటారు. రెక్కలు తిరుగుతూనే ఉంటాయి, పట్టు ఉండదు. పడిపోతున్నప్పుడు ఎవరికైనా కలెక్టివ్ పైకి లాగాలనిపిస్తుంది. లాగితే ఇంకా తొందరగా పడుతుంది. చేయాల్సింది ముక్కు కిందికి వంచి, ముందుకో పక్కకో జారి, తను పాడుచేసిన గాలిలోంచి బయటపడటం. గంటకి నలభై కిలోమీటర్ల వేగం దాటగానే రెక్కలకి కొత్త గాలి తగిలి ఒక్కసారిగా ఒళ్లు తేలికవుతుంది. దానికి తోడు ఎండ. వేడి గాలి పలచగా ఉంటుంది, పలచటి గాలి తక్కువ మోస్తుంది. మా వైపు మే నెలలో ఎండ నలభై అయిదు డిగ్రీలు తాకుతుంది. ఆ ఎండలో నిండా మిసైళ్లు, నిండా ఇంధనం పెట్టుకున్న యంత్రం నిలబడటానికే ఆయాసపడుతుంది.

తెలుగువాళ్లకి హెలికాప్టర్ అనగానే ఈ భయం ఊరికే రాలేదు. 2002 మార్చిలో కైకలూరు దగ్గర లోక్‌సభ స్పీకర్ బాలయోగి, 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి హెలికాప్టర్ ప్రమాదాల్లోనే పోయారు. రెండో ప్రమాదం మీద విచారణ కమిటీ చెప్పిన ఒక విషయం సిమ్యులేటర్ మొదలెట్టాక కొత్తగా అర్థమైంది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ గురించి హెచ్చరిక వస్తే, ఏం చేయాలో మాన్యువల్లో వెతకడంలోనే పైలట్లకి ఆరు నిమిషాలకు పైగా గడిచిపోయాయి. బయట వాతావరణం ముదిరి, గాలి బలంగా కిందికి తోసేసింది. అది చదివినప్పుడు నాకు ఎవరి మీదా కోపం రాలేదు. హెలికాప్టర్ నడిపేవాడికి చేతులు రెండూ, కాళ్లు రెండూ ఖాళీ ఉండవు. మిగిలేది కాస్త మనసే. అదీ చాలా కొంచెమే ఉంటుంది.

ఆ కొంచెం మనసుతోనే ఆయుధం వాడాలి. ఎంఐ-24లో ముప్పై మిల్లీమీటర్ల ఫిరంగి ఒంటికి బిగించేసి ఉంటుంది. ఎటు కాల్చాలంటే మొత్తం హెలికాప్టర్‌నే అటు తిప్పి, దూసుకుపోతూ కాల్చి, పక్కకి తప్పుకోవాలి. మన వైమానిక దళంలో దీని అన్నదమ్ములు ఎంఐ-25, ఎంఐ-35 చాలా ఏళ్లు పనిచేశాయి. ఐపీకేఎఫ్ రోజుల్లో ఎంఐ-25లు శ్రీలంక కూడా వెళ్లాయి. కేఏ-50లో విఖ్ర్ అనే మిసైల్ లేజర్ కిరణం వెంట పోతుంది. ఏడెనిమిది కిలోమీటర్ల దూరానికి ఇరవై సెకన్ల పైనే పడుతుంది. అంతసేపూ లేజర్ గురి తప్పకుండా, మనం పెద్దగా కదలకుండా ఉండాలి. ఆ ఇరవై సెకన్లు చాలా పొడుగు. టీవీ తెర మీద ఆ లారీ, దాని చక్రాలు, దాని నీడ అన్నీ చూస్తూనే ఉంటాం.

అపాచీలో ఆ బాధ కూడా లేదు. పైలట్ కుడి కంటి ముందు చిన్న అద్దం ఉంటుంది. తల ఎటు తిప్పితే ముక్కు కింద ఉన్న చెయిన్ గన్ అటు తిరుగుతుంది. నిమిషానికి 625 గుళ్ల వేగం. కంటిచూపుతో చంపడం మన సినిమాల్లో డైలాగు, అపాచీలో అది వైరింగు. ఈ అపాచీ మనకి దూరపు వస్తువేం కాదు. 2018 నుంచి దాని ఒళ్లు హైదరాబాద్ పక్కన ఆదిబట్లలో, టాటా-బోయింగ్ కర్మాగారంలో తయారవుతోంది. 2019 సెప్టెంబరులో పఠాన్‌కోట్‌లో మన వైమానిక దళంలో చేరింది.

ఎంఐ-24 నుంచి కేఏ-50కి, అక్కణ్ణించి అపాచీకి వచ్చేసరికి నాకు కనిపించింది ఏంటంటే, యంత్రం మెరుగైన కొద్దీ చూడటానికీ కాల్చడానికీ మధ్య దూరం తగ్గిపోతోంది. మొదటిదాంట్లో మొత్తం ఒళ్లు తిప్పాలి. చివరిదాంట్లో చూస్తే చాలు. అందుకే మొదటి వారంలో వచ్చేసింది. దాన్ని నేర్చుకోవాల్సిన అవసరం లేకుండా చేయడానికే అంతమంది ఇంజినీర్లు అన్నేళ్లు పనిచేశారు.

కానీ చూడటం అంటే ఏం చూడటం? థర్మల్ తెర మీద చల్లటివన్నీ నల్లగా, వేడివన్నీ తెల్లగా కనిపిస్తాయి. మనిషి ఒక తెల్లటి గింజ. చేతిలో ఉన్నది కర్రో తుపాకో ఆ గింజ చెప్పదు. 2007 జూలై 12న బాగ్దాద్‌లో రెండు అపాచీలు ఒక వీధిలో నిలబడ్డ మనుషుల మీద కాల్పులు జరిపాయి. చనిపోయినవాళ్లలో రాయిటర్స్ ఫోటోగ్రాఫర్ నమీర్ నూర్ ఎల్దీన్, డ్రైవర్ సయీద్ చమాగ్ ఉన్నారు. ఫోటోగ్రాఫర్ భుజానున్న కెమెరా పైలట్లకి ఆయుధంలా కనిపించింది. 2010 ఏప్రిల్లో వికీలీక్స్ ఆ గన్ కెమెరా వీడియో బయటపెట్టింది. దాన్ని నేను కాలేజీ రోజుల్లో ఒకసారి, అపాచీ నడపడం నేర్చుకున్నాక ఒకసారి చూశాను. రెండోసారి చూస్తుంటే తెర మీది గీతలు, అంకెలు అన్నీ నాకు అర్థమవుతున్నాయి. దూరం ఎంత, ఏ దిక్కు, ఏ ఆయుధం. మనుషులు మాత్రం మొదటిసారి కంటే ఎక్కువేం అర్థం కాలేదు. ఆ తెర మీద వాళ్ల గురించి ఉన్నదే అంత.

మా అడవి వైపు ఇదంతా పెట్టి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఏప్రిల్, మే నెలలంటే ఇక్కడ తునికాకు కాలం. తెల్లారకముందే కోయవాళ్లు, కొండరెడ్లు అడవిలోకి పోతారు. భుజాన గొడ్డలి ఉంటుంది, నెత్తిన మూట ఉంటుంది, ఒక్కోసారి విల్లు కూడా. పైనుంచి చూస్తే వరుసగా నడిచే తెల్లటి గింజలు. మిట్టమధ్యాహ్నమైతే బండ కూడా మనిషంత వేడెక్కుతుంది, అప్పుడు గింజకీ బండకీ తేడా కూడా సరిగ్గా దొరకదు. 2025లో సరిగ్గా ఆ కాలంలోనే, ఏప్రిల్ 21 నుంచి మే 11 దాకా, ములుగు సరిహద్దులోని కర్రెగుట్టల మీద ఇరవై ఒక్క రోజుల ఆపరేషన్ జరిగింది. 31 మంది మావోయిస్టులు చనిపోయారని అధికారులు ప్రకటించారు. బలగాల కోసం హెలికాప్టర్లు తిరిగాయి. అంతకు కొన్నేళ్ల ముందు బస్తర్‌లో డ్రోన్లతో బాంబులు వేశారని అక్కడి ఆదివాసీ ఊళ్లవాళ్లు ఆరోపిస్తే పోలీసులు కాదన్నారు. రెండోవైపూ ఉంది. 2013 జనవరిలో సుక్మాలో వైమానిక దళం హెలికాప్టర్‌కి కింది నుంచి తూటాలు తగిలి అడవిలో దిగాల్సి వచ్చింది. పైనున్నవాడికీ భయమే, కిందున్నవాడికీ భయమే. ఆ భయంలో తొందరగా జరిగే పని ఏదంటే, బాగా తేలిక చేసి పెట్టిన పనే.

ఇక నిలబడటం సంగతి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. రెండేళ్లకి, 2024 జూలై 18న, మా మండలంలోనే గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. కట్ట ఇటు, ఆయకట్టు ఎక్కువ అటు ఆంధ్రలో. నీళ్లకి ఆ లెక్కలు తెలియవు కదా, వేలేరుపాడు వైపు ఊళ్ల మీద పడ్డాయి. ఆ రోజే నారాయణపురం దగ్గర వరద మధ్యలో చిక్కుకున్న జనాన్ని హెలికాప్టర్ వచ్చి బయటికి చేర్చింది.

నేను అక్కడ లేను. వీడియోలే చూశాను, అందరిలాగే. అందరూ మనుషుల్ని చూస్తుంటే నేను హెలికాప్టర్ ఎంత కదులుతోందో చూశాను. నీళ్ల మీద హోవర్ చేయడం అన్నిటికంటే కష్టం. నేల మీదైతే ఒక చెట్టునో రాయినో గుర్తు పెట్టుకుని, దాన్ని బట్టి మనం జారుతున్నామో లేదో తెలుసుకుంటాం. పారే నీళ్లలో అలాంటి గుర్తే ఉండదు. నీళ్లు కదులుతుంటే మనమే కదులుతున్నామనిపిస్తుంది. పైగా రెక్కల గాలికి తుంపర లేచి కళ్లకి అడ్డం పడుతుంది. ఒక్కో మనిషి ఎక్కినప్పుడల్లా బరువు మారుతుంది, బరువు మారినప్పుడల్లా చేతులు, కాళ్లు అన్నీ మళ్లీ సర్దుకోవాలి. ఆ పైలట్ ఎవరో నాకు తెలియదు. ఆ చేతులు మాత్రం ఎన్నేళ్లు నేర్చుకుని ఉంటాయో తెలుసు.

సిమ్యులేటర్లో మిషన్ అయిపోయాక ఒక లెక్క వస్తుంది. ఎన్ని వాహనాలు కాల్చావు, ఎన్ని గుళ్లు తగిలాయి, ఎన్నిసార్లు దిగావు. ఎంతసేపు కదలకుండా నిలబడ్డావు అన్న గడి అందులో లేదు. మనుషుల్ని ఎక్కించుకొచ్చే మిషన్లు ఉన్నాయి, వాటిలో చాలావరకు ఆటగాళ్లు సొంతంగా రాసుకున్నవే. ఇప్పుడు నేను ఎక్కువగా ఆడేది అవే. ఆయుధాలు దింపేసిన ఎంఐ-8తో జార్జియా కొండల్లో ఒక గుర్తు మీద దిగి, పదిమందిని ఎక్కించుకుని, బతూమి చేరుస్తాను. మా అడవి మ్యాప్ ఆ ఆటలో లేదు. లేకపోవడమే మంచిదని ఒక్కోసారి అనిపిస్తుంది. ఉంటే దాంట్లో మొదట ఏ మిషన్ రాస్తారో ఊహించడం పెద్ద కష్టం కాదు.

మొన్న సాయంత్రం తోటల మీదుగా ఏదో హెలికాప్టర్ పోయింది. వీధిలో పిల్లలందరూ బయటికొచ్చి చేతులూపారు. పక్కింటి పెద్దమ్మ అరుగు మీద కూర్చుని, “ఎవుళ్లకి ఏమైందో” అంది. నేను చప్పుడు వింటూ నిలబడ్డాను. పోతూ ఉంటే చప్పుడు సన్నబడుతుంది. ఒకచోట ఆగితే అలాగే ఉండిపోతుంది, కింద ఎవరో ఉన్నారని అర్థం. అది సన్నబడుతూ సత్తుపల్లి వైపు వెళ్లిపోయింది. పిల్లలు కనపడినంతసేపూ చేతులూపుతూనే ఉన్నారు.