చెక్కా? ఇనుమా?

వరికోత చైన్ మిషన్‌ని నాన్న ఊరూరా తీసుకెళ్లే ట్రాలీకి కింద చెక్కలు పుచ్చిపోయాయి. ‘ఇనుప రేకు వేయిద్దాం నాన్నా, చెదలు పట్టవు’ అన్నా. హైదరాబాద్‌లో కూర్చుని ఎక్సెల్‌లో లెక్కలూ వేశా. 6 మిల్లీమీటర్ల రేకు చదరపు మీటరుకు 47 కిలోలు, ట్రాలీ మోస్తుంది. నాన్న తుమ్మ చెక్కే అన్నారు. చివరికి ‘చదువుకున్నోడివి, నీ ఇష్టంరా’ అన్నారు.

కోతలప్పుడు వాన పడింది. తడి రేకు మీద బురద చైన్లు జారి మిషన్ పక్కకి ఒరిగింది. సీట్లో నాన్న! అంచు ఊచ ఆపింది కాబట్టి సరిపోయింది.

నా ఎక్సెల్‌లో ‘వాన’ అనే కాలమే లేదు.

గరుకు చెక్కకి పట్టుంటుంది. ఒక పలక కుళ్లితే అదొక్కటే మార్చుకోవచ్చు. ఏటా నూనె పూయాలి, అంతే. రేకు తీయించి తుమ్మ పలకలు వేయించా. నాన్న ఒక్క మాటా అనలేదు. నూనె డబ్బా మాత్రం నా చేతికిచ్చారు.