రెండవ గుమాస్తా

2024 సంవత్సరము సెప్టెంబరు మాసమున వరదలకు కొల్లేరు పొంగినప్పుడు, లంకగ్రామములనుండి పెదపాడునకు వచ్చి చదువుకొను మా పిల్లలు కొందరు పలుదినములు ఇల్లు కదలలేకపోయిరి. వారి చదువు చెడరాదని తలంచి మేము పాఠములను రికార్డు చేసి, కార్యాలయమునందలి యొక చిన్న కంప్యూటరులో నుంచి, వారు ఇంటనుండియే సెల్‌ఫోనులో వినునట్లు ఏర్పాటు చేసితిమి. పాఠశాలలోపల అవి చక్కగా వినవచ్చెను. వెలుపలివారికి మాత్రము ఒక్కటియు తెరచుకొనలేదు.

రౌటరు పని చూచుచుండిన పదవతరగతి బాలునిపై మాకు కోపము వచ్చెను. “నీవే దేనినో కదలించి చెడగొట్టితివి” అని తరగతి యెదుట గద్దించితిమి. “నేనేమియు మార్చలేదండీ మాస్టారూ” అని వాడు తల వంచుకొనెను.

ఆ రాత్రి మేమే కూర్చుండి విచారింప మొదలిడితిమి. ఇంటర్నెట్టున యంత్రములకు సంఖ్యలతో కూడిన చిరునామాలుండును. పాతపద్ధతి ప్రకారము అట్టివి 4,294,967,296 మాత్రమే. లోకమునకు అవి చాలవు. కావున ఒక్క చిరునామాను పలు యంత్రములు పంచుకొను ఉపాయమును 1994లో ఈగ్వాంగ్, ఫ్రాన్సిస్ అను నిరువురు వివరించి ప్రకటించిరి. దీనినే నాట్ అందురు.

మన హాస్టలునే తలచుకొనుడు. బాలురు వ్రాసిన ఉత్తరములపై గుమాస్తా గదిసంఖ్య కొట్టివేసి హాస్టలు చిరునామా వ్రాయును. ఎవరు ఎవరికి వ్రాసిరో పుస్తకమున గుర్తుంచుకొని, ప్రత్యుత్తరమును ఆ బాలునికే అందించును. ఎవరును వ్రాయకయే వెలుపలినుండి వచ్చిన ఉత్తరము ఎవరిదో ఎరుగడు గావున పారవేయును. రౌటరు అట్టి గుమాస్తాయే. “8080 సంఖ్యతో వచ్చిన దానిని ఈ కంప్యూటరున కిమ్ము” అని ముందుగా చెప్పియుంచిననే వెలుపలివారి కోరిక లోపలికి చేరును.

ఆ యాజ్ఞను పరికించితిమి. అందు కంప్యూటరు చిరునామా 192.168.1.20 అని యుండెను, కంప్యూటరునందును అదియే. బాలుడు వ్రాసినదానిలో ఒక్క అంకెయు తప్పులేదు. లోపలనుండి పరీక్షించిన ఫలితము ఒక్కొక్కప్పుడు మోసపుచ్చును గావున, వైఫై ఆపి సెల్‌ఫోను సొంత డేటాతో ప్రయత్నించితిమి. అప్పుడును తెరచుకొనలేదు.

తుదకు, రౌటరు తన వెలుపలి చిరునామాగా చూపుదానిని, లోకమునకు కనబడు మా చిరునామాతో సరిపోల్చితిమి. రెండును వేరు! రౌటరునందలిది 100.72తో మొదలయ్యెను. 100.64 మొదలు 100.127 వరకు గల చిరునామాలు, ఇంటర్నెట్టు నిచ్చువారు ఖాతాదారులలో పంచుకొనుటకై 2012లో ప్రత్యేకింపబడినవి. అనగా మా గుమాస్తాకు పైన మరియొక గుమాస్తా కలడు. మా యాజ్ఞ అతనికి తెలియదు. వచ్చినదానిని అతడు అక్కడనే పారవేయుచున్నాడు.

మరునాడు అదే తరగతి యెదుట నిలిచి, “తప్పు నీది కాదు నాయనా, విచారింపక నిందించిన మాది. క్షమింపుము” అని చెప్పితిమి. వాడు కొంతసేపు మాటాడలేదు. పిదప, “అయితే మనకు వేరే చిరునామా ఇమ్మని వారి నడుగుదమండీ” అనెను. అట్లే అడిగి, రుసుము చెల్లించి, మాకే చెందిన చిరునామా పొందితిమి. తెరచిన గుమ్మమున దొంగలును రావచ్చును గావున వాడు గట్టి పాస్‌వర్డు కూడ పెట్టెను. అప్పటికి వరదనీరు తీసెను. అయినను జ్వరముతో ఇంటనున్న యొక లంకబాలిక ఆ సాయంకాలమే పాఠము విని మాకు ఫోను చేసినది.

ప్రియవిద్యార్థులారా, యంత్రము చెడినప్పుడు మేము లోపల చూచితిమి, వెలుపల చూచితిమి, రెంటిని సరిపోల్చితిమి. అట్లు ఒక్క రాత్రిలో నిజము తేలినది. ఆ రాత్రి ఓపిక ఆ యుదయముననే మాకుండినచో, ఒక నిర్దోషి తల వంచుకొనియుండడు.