పదిహేడు తులాల వెండి

మా అబ్బా దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు వేపచెట్టు కింద ఒక బల్ల, ఒక కుర్చీ, స్టాంపు కాగితాల సంచీ. ముప్పై ఏళ్ల పైచిలుకు అదే ఆయన దునియా. ఆయనకి పని నేర్పిన ఉస్తాద్ ఉర్దూలో రాసినవాడు, అబ్బా వచ్చేసరికి కాగితం తెలుగైపోయింది. అయినా ఆయన తెలుగు అక్షరాలు నస్తలీఖ్ లాగా ఒక పక్కకి వాలి ఉండేవి. నన్ను ఉర్దూ మీడియంలో చదివించి, డిగ్రీకి వచ్చాక "తెలుగు తీసుకో బేటా, ఇక రోటీ ఈ జబాన్‌లోనే ఉంది" అన్నది ఆయనే.

ఆ డిగ్రీ రోజుల్లోనే ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఒక పాత తెలుగు బైబిల్ కొన్నాను. మజ్‌హబీ షౌక్‌తో కాదు, ఆ వచనం కోసం. తౌరాత్, జబూర్, ఇంజీల్ మీద ఈమాన్ ఉండాలని చిన్నప్పుడు నేర్పారు గానీ, తెరిచి చూడమని ఎవరూ చెప్పలేదు. తిరగేస్తూ తిరగేస్తూ యిర్మీయా దగ్గర ఆగాను. ఖురాన్‌లో ఈ పేరు రాదు. మన తఫ్సీర్లలో ఇర్మియాగా వస్తుంది. ఉజాడ్ అయిపోయిన ఒక బస్తీ పక్కనుంచి వెళ్తూ, అల్లా దీన్ని మళ్లీ ఎలా జిందా చేస్తాడని హైరాన్ అయిన మనిషి ఒకడు సూరె బఖరాలో ఉన్నాడు కదా, నూరేళ్లు మౌత్‌లో ఉండి లేచినవాడు. ఆయన ఉజైర్ అని కొందరు ముఫస్సిర్లు అన్నారు, ఇర్మియా అని ఇంకొందరు.

నన్ను ఆపింది 32వ అధ్యాయం. అందులో ఒక జమీన్ ఖరీదు ఉంది.

క్రీ.పూ. 587 ప్రాంతం. బాబిలోన్ ఫౌజు యెరూషలేమును చుట్టుముట్టింది. లోపల కరువు, తెగులు. ఊరు దుష్మన్ చేతిలో పడుతుంది, రాజు పట్టుబడతాడు అని చెబుతూ వచ్చినందుకు రాజు సిద్కియా యిర్మీయాను ఖైదులో పెట్టించాడు. అలాంటి వేళ చాచా కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న నా పొలం కొను, కొనే హక్ నీదే అంటాడు. అనాతోతు యిర్మీయా సొంతూరు, యెరూషలేముకు కూతవేటు దూరం. చుట్టూ నేలంతా పరాయి ఫౌజు డేరాల కింద ఉంటే పొలం ఎవరు కొంటారు? యిర్మీయా కొన్నాడు. 17 షెకెళ్ల వెండి తూచి ఇచ్చాడు. ఆ కాలపు షెకెల్ తూకంరాళ్లు తవ్వకాల్లో దొరికాయి, ఒక్కోటి 11 గ్రాముల మీద చిల్లర. మన పాత తులం 11.66. అంటే ఇంచుమించు పదిహేడు తులాల వెండి.

ఈ ముచ్చట అబ్బాకి చెప్పాను ఒక రాత్రి, ఇషా తరవాత. ఆయన లేచి కూర్చున్నారు. "రేటు రాశారా? గవాహులు సంతకం చేశారా? మొహర్ పడిందా?" అన్నీ ఉన్నాయని చెప్పాను. చుట్టానికి మొదటి హక్ అనేసరికి "హఖ్ఖె షుఫా!" అన్నారు ఖుషీగా. రెండూ ఒకటి కాదు, షుఫా హిస్సాదారుకీ, పొరుగువాడికీ ఉండే హక్కు. కానీ వాసన ఒకటే. దస్తావేజుకి రెండు నఖళ్లు, ఒకటి మొహర్ వేసి మూసింది, ఒకటి తెరిచి ఉంచింది, రెండిటినీ మట్టికుండలో పెట్టమని తన కాతిబ్ బారూకుకి ఇచ్చాడని చెబితే కాసేపు ఆలోచించారు. "తెరిచింది ఎవరైనా చదువుకోడానికి. మూసింది తగాదా వస్తే విప్పి చూడ్డానికి. తెలివైనవాళ్లు రా." చాలా ఏళ్ల తరవాత చదివాను, మృత సముద్రం దగ్గరి ఒక గుహలో 1961లో బబథా అనే యూదు స్త్రీ కాగితాల మూట దొరికిందట, రెండో శతాబ్దానిది. అందులోనూ ఇలాంటి జోడు దస్తావేజులే. ఒకే కాగితం మీద రెండుసార్లు రాసి, పైభాగం చుట్టి కుట్టేసి, కింది భాగం తెరిచి ఉంచినవి.

అబ్బాకి ఎక్కువ నచ్చింది ఆ అధ్యాయం చివర. ఖుదా వాదా ఏమిటంటే, ఈ దేశంలో మళ్లీ పొలాలు కొంటారు, దస్తావేజులు రాస్తారు, మొహర్లు వేస్తారు, గవాహులు నిలబడతారు. బెన్యామీను ఇలాకాలో, యెరూషలేము చుట్టూ, కొండ ఊళ్లలో, దక్షిణాన కూడా. జన్నత్ నహరుల మాట లేదు. రిజిస్ట్రీ ఆఫీసు మళ్లీ తెరుచుకుంటుందని వాదా. "అంటే నా నౌకరీ కూడా ఉందన్నమాట అందులో" అని పడి పడి నవ్వారు.

ఆ రాత్రి ఆయనకి చదివి వినిపించని పేజీలు కొన్ని ఉన్నాయి.

మన దగ్గర ఏ ఆఫత్ వచ్చినా, వరద గానీ వబా గానీ, ఆ వచ్చే జుమాకి ఖుత్బాలో "ఇది మన ఆమాల్ కీ సజా" అని వినిపిస్తుంది. రిపోర్టర్‌గా నేను మునిగిన బస్తీల్లో తిరిగాను. ఇల్లు పోయిన రిక్షావాడికి అతని గునాహ్ గుర్తుచేసే మాట నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. ఎవరి గునాహ్? ఏ గునాహ్? అందరిదీ అంటే ఎవరిదీ కాదని. ఈ బనీ ఇస్రాయీల్ నబీలు అలా గాలిలో మాట్లాడరు. యెషయా, ఇంటికి ఇల్లు కలుపుకుంటూ, పొలానికి పొలం కలుపుకుంటూ పోయేవాళ్ల పేరు చెప్పకుండానే వేలు చూపిస్తాడు. మీకా, పడుకుని పథకం వేసి తెల్లారగానే పక్కవాడి పొలం ఖబ్జా చేసేవాళ్ల సంగతి చెబుతాడు. యెషయా 10వ అధ్యాయం మొదట్లోనే జుల్మ్‌ని కాగితం మీద పెట్టే రాతగాళ్లకి శాపం ఉంది. కలంతో బేవాల హక్కు, యతీముల హక్కు లాగేసేవాళ్లకి. అజాబ్ చిరునామా చాలా సాఫ్‌గా రాసి ఉంది అక్కడ. వేపచెట్టు కింద బల్ల దాకా.

ఒక్క ముచ్చట పక్కన చెప్పి వస్తాను. హోషేయ కూతురికి ఖుదా పెట్టించిన పేరు లోరూహామా. తెలుగులో చదివినవాళ్లకి అది ఒక పరాయి పేరు. ఉర్దూ చదివిన చెవి మాత్రం ఉలిక్కిపడుతుంది. "లో" అంటే హీబ్రూలో కాదు, లేదు, మన "లా" లాంటిదే. రూహామాలో ఉన్నది మన రహ్మ్. రహ్మ్ దొరకనిది అని ఒక పసిపిల్లకి పేరు! పేజీ తిప్పితే ఖుదా ఆ "లో" తీసేస్తాడు. పేరు మార్చడు, ముందున్న ఒక్క అక్షరం తీస్తాడు, అంతే.

ఇక ఫుప్పూ సంగతి. అబ్బాకి ఒక్కతే చెల్లెలు. దాదా వదిలి వెళ్లిన జాగా 240 గజాలు. అప్పటికి దాదీ కూడా లేదు. షరీయత్ లెక్కన కొడుకుకి రెండు వంతులు, కూతురికి ఒక వంతు, అంటే 80 గజాలు ఫుప్పూవి. 1986లో నాకు ఎనిమిదేళ్లు. ఫుప్పూ మా ఇంటికి వచ్చింది, అమ్మీ బిర్యానీ చేసింది, అబ్బా ఆమెకి చీర పెట్టారు. మర్నాడు ఇద్దరూ ఆఫీసుకి వెళ్లొచ్చారు. అది హక్కు విడుదల దస్తావేజు అని నాకు తెలిసింది జర్నలిస్టు అయ్యాక, ఇంటి కాగితాలు సర్దుతుంటే. అబ్బా దస్తూరీ. కింద ఫుప్పూ దస్తఖత్ ఉర్దూలో, గుండ్రంగా, బడిపిల్ల రాసినట్టు. పైన ఉన్న తెలుగు ఆమెకి రాదు. నేను చూసి, మళ్లీ మడిచి, పెట్టెలో పెట్టేశాను. ఆ ఇంట్లోనే నా నికా అయింది, నా పిల్లలు పుట్టారు.

అబ్బాకి కేన్సర్ అని తేలినప్పుడు డాక్టరు నన్ను బయటికి పిలిచి రెండు మూడు నెలలు అన్నాడు. నేను లోపలికి వెళ్లి "అల్సర్ అట, రంజాన్‌కి రోజాలు కూడా ఉంటారు" అని చెప్పాను. నాలుగైదు రోజులకి అబ్బా చెయ్యి పట్టుకున్నారు. "నీ ఫుప్పూ కాగితం ఉంది పెట్టెలో. ఆమెకి చదివి వినిపించలేదు రా. ఇంటి పన్ను నా పేరు మీదికి మార్చే కాగితం అన్నాను. మార్చాలి. గవాహుల్ని పిలువ్." నేను దుప్పటి సర్దుతూ "ముందు లేచి తిరగండి అబ్బా, అదంతా తరవాత" అన్నాను. ఇంకోసారి అడిగారు. ఇంకోసారి అదే చెప్పాను. మూడోసారి అడగలేదు. చూపు పక్కకి తిప్పుకున్నారు.

తసల్లీ ఇస్తున్నానని అనుకున్నాను. అప్పుడు నిజంగానే అనుకున్నానా అంటే, ఇప్పుడు కసమ్ తిని చెప్పలేను. 80 గజాల మీద నా పడకగది ఉంది.

చహెల్లుమ్ అయ్యాక ఎందుకో ఆ బైబిల్ మళ్లీ తీశాను. ఈసారి దొరికింది హనన్యా. ముట్టడికి కొన్నేళ్ల ముందు సంగతి. అప్పటికే ఒక రాజునీ, వేలమందినీ బాబిలోన్ తీసుకుపోయారు. యిర్మీయా మెడ మీద కాడి వేసుకుని తిరుగుతున్నాడు, ఈ గులామీ మోయక తప్పదని. హనన్యా అనే ఇంకో నబీ హైకల్‌లో అందరి ముందూ చెప్పాడు, రెండేళ్లు, కేవలం రెండేళ్లలో అందరూ వాపస్ వస్తారని. యిర్మీయా మొదట అన్న మాట ఏమిటో తెలుసా? ఆమేన్. మన ఆమీనే. అలాగే కావాలని ఆయనకీ ఉంది. ఆ తరవాతే, సలామత్ కబురు చెప్పే నబీ మాట నిజమయ్యాక గదా తెలిసేది అన్నాడు. హనన్యా ఆ కాడిని తీసి విరిచేశాడు. జనానికి ఎంత హాయిగా ఉండి ఉంటుందో. యిర్మీయా మాత్రం చెరలో ఉన్నవాళ్లకి ఖత్ రాశాడు: ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, ఆ ఊరి సలామతీ కోసం దువా చేయండి, డెబ్బై ఏళ్లు పడుతుంది అని.

రెండేళ్లు అని చెప్పినవాడికి ఉమ్మీద్ ఖర్చు ఏమీ లేదు. డెబ్బై ఏళ్లు అన్నవాడు తను చూడలేని రోజు కోసం వెండి తూచి ఇచ్చాడు. ఇంతకాలం నేను గమనించని ఇంకో సంగతి. కాగితం కుండలోకి వెళ్లగానే యిర్మీయా దువాకి కూర్చుని ఖుదాని దాదాపు నిలదీస్తాడు. ఊరు వాళ్ల చేతికి ఇచ్చేస్తున్నావు, నన్నేమో డబ్బిచ్చి పొలం కొనమన్నావు, ఇదేంటి అని. సంతకం అయ్యాక వచ్చిన షక్. ముందు వచ్చి ఉంటే పొలం కొనేవాడు కాదేమో. నేను మాత్రం షక్ అంతా ముందే పడ్డాను, తసల్లీ పేరు పెట్టుకుని.

చెల్లికి ఫోన్ చేశాను. విరాసత్‌లో ఇప్పుడు ఆమె సంతకం కూడా కావాలి. అంతా విని "సరే భాయ్, ఫుప్పూది ఇచ్చేద్దాం" అంది. తరవాత నవ్వుతూ "మరి నాది?" అంది. నవ్వింది నిజమే. అడిగింది కూడా నిజమే. ఆ రెండు కాగితాలూ ఒకే రోజు రాయిద్దామన్నాను.

ఫుప్పూకి ఇప్పుడు డెబ్బై దాటాయి. కొడుకు దగ్గర అద్దె ఇంట్లో ఉంటుంది. నేను వెళ్లి పాత దస్తావేజు ఆమె ముందు పెట్టి, తెలుగులో ఉన్నది ఉన్నట్టు ఉర్దూ చేసి చదివాను. ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను అన్న చోట గొంతు పట్టేసింది. ఆమె ఏడవలేదు. కళ్లజోడు తీసి పల్లూతో తుడుచుకుంటూ "ముఝే మాలూమ్ థా" అంది. ఎప్పటినుంచి అంటే, "ఆ చీర చూసినప్పుడే. మీ అబ్బా అంత ఖరీదు చీర ఎప్పుడైనా పెట్టాడా?" అంది. ఎందుకు అడగలేదంటే జవాబు ఇవ్వలేదు. మాఫ్ చేశానని కూడా అనలేదు, నేనూ అడగలేదు.

కొత్త దస్తావేజు ముసాయిదా నేనే రాశాను, రిజిస్ట్రీకి తెలుగులో, ఆమెకి ఉర్దూలో ఒక నఖల్. మొన్న ఫజర్ తరవాత తీసుకెళ్లాను. మొదటి పేజీ నుంచి తనే చదువుకుంది, వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ. హద్దుల దగ్గర ఆగింది. "తూర్పున గల్లీ అని రాశావు. తూర్పున గల్లీ లేదు బేటా, మా అబ్బాజాన్ తవ్వించిన బావి ఉండేది. పూడ్చారు గానీ అది నా వైపే వస్తుంది. బావి అని రాయి."

కలం తీసి కొట్టేసి, బావి అని రాశాను. ఆమె మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది.