లంగరులు చేసిన ఇల్లు



ఈ వారం మనం ఒక కుటుంబం గురించి ధ్యానం చేసుకుందాం. ఇది బైబిలులో కనిపించే కుటుంబం కాదు. అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు ఏలుబడిలో ఉన్న రోజుల్లో, రోడ్ ఐలాండ్ అనే చిన్న సీమలో బ్రతికిన గ్రీన్ అనే ఇంటివారు. సేద్యం చేసేవారు, పిండిమర నడిపేవారు, కొలిమిలో ఇనుము కాచి ఓడలకు లంగరులు చేసేవారు. యుద్ధం విశ్వాసికి తగదని నమ్మిన ఇల్లు. ఆ ఇంట్లోనుంచే నథానియేల్ గ్రీన్ అనే సైన్యాధిపతి వచ్చాడు.

వారు క్వేకర్లు. తమను తాము స్నేహితుల సంఘం అని పిలుచుకునేవారు. 1600ల మధ్యలో ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ అనే దైవజనుని బోధతో మొదలైన సంఘం అది. వారి ఆరాధనలో పాటలు, వాయిద్యాలు ఉండేవి కావు. మౌనంగా కూర్చునేవారు, ప్రభువు ప్రేరేపిస్తే ఒకరు లేచి మాట్లాడేవారు. ఒట్టు పెట్టుకునేవారు కాదు. దొర ముందైనా టోపీ తీసేవారు కాదు. ఆయుధం పట్టేవారు కాదు. మన మహబూబ్‌నగర్ వైపు మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలు ఉన్నాయి కదా, వారి పూర్వికులకు కూడా ఆయుధం పట్టకూడదన్న సాక్ష్యమే ఉండేది. ఆ సాక్ష్యం కోసం క్వేకర్లు దెబ్బలు తిన్నారు, చెరసాలల్లో మగ్గారు. 1660లో మేరీ డయ్యర్ అనే సహోదరిని బోస్టన్‌లో ఉరి తీశారు. పక్కనున్న రోడ్ ఐలాండ్ మాత్రం ఎవరి మనస్సాక్షిని వారికి వదిలేసింది. అందుకే హింసించబడిన వారు అక్కడికి చేరారు.

గ్రీన్ వంశానికి మూలపురుషుడు జాన్ గ్రీన్ అనే శస్త్రవైద్యుడు. ఇంగ్లండులోని సాలిస్‌బరీ నుండి 1635లో ఓడెక్కి వచ్చాడు. రోడ్ ఐలాండ్‌లో వారిక్ అనే ఊరు కట్టినవారిలో ఆయన ఒకడు. ఆయన కొడుకు జేమ్స్, జేమ్స్ కొడుకు జేబెజ్, జేబెజ్ కొడుకు నథానియేల్. ఈ నథానియేల్ రైతు, కొలిమి యజమాని, క్వేకర్ కూడికలో బోధకుడు. ఆయనకు రెండో భార్య మేరీ మాట్ వలన 1742లో పుట్టిన కొడుకుకు తన పేరే పెట్టుకున్నాడు. ఆ పిల్లవాడే ఈనాటి మన కథ.

తండ్రి కొడుకులందరినీ పొలంలో, మరలో, కొలిమిలో పనికి పెట్టాడు. చదువు విషయంలో ఆయన గట్టివాడు. బైబిలు, కొన్ని క్వేకర్ పుస్తకాలు చాలు, ఎక్కువ చదువు మనిషిని గర్విష్ఠిని చేస్తుందని ఆయన భయం. ఈ మాట మన ఊళ్లలో కూడా కొందరు పెద్దల నోట విన్నదే. కానీ ఆ పిల్లవానికి పుస్తకాల మీద ఆకలి. కొలిమిలో చిన్న చిన్న బొమ్మ లంగరులు చేసి, వాటిని న్యూపోర్టులో అమ్మి, ఆ డబ్బుతో పుస్తకాలు కొనుక్కునేవాడని చెబుతారు. అతనికి కుడికాలు కొంచెం కుంటి. ఉబ్బసం కూడా ఉండేది. అలాంటివాడు సైనికుడవుతాడని ఆ ఇంట్లో ఎవరూ అనుకుని ఉండరు.

తండ్రి 1770లో చనిపోయాడు. రెండేళ్లు తిరగకముందే దెబ్బ మీద దెబ్బ తగిలింది. 1772 ఫిబ్రవరిలో గాస్పీ అనే రాజుగారి ఓడ వీరి కుటుంబపు సరకు ఓడను పట్టుకుంది. ఆగస్టులో కొలిమి కాలిపోయింది. కష్టపడి సంపాదించినది అధికారంలో ఉన్నవాడు ఊరికే లాక్కుపోతే కడుపు మండుతుంది. ఆ మంట అతనిలో రగులుతూనే ఉంది. మరుసటి సంవత్సరం, 1773 జూలైలో, అతణ్ణి, అతని జ్ఞాతి ఒకణ్ణి క్వేకర్ కూడిక తన సంరక్షణ నుండి తప్పించింది. మంచి పని లేని చోటికి వెళ్లారన్నది మీద పడిన మాట. అది సారాయి అంగడి అని కొందరు, సైనిక కవాతు అని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు.

1774లో ఊరి యువకులు కలిసి ఒక సైనిక దళం కట్టుకున్నారు. కుంటివాడు అధికారిగా ముందు నడిస్తే దళానికి అందం ఉండదన్నారు. అతడు అలిగి ఇంటికి పోలేదు. తుపాకి భుజాన వేసుకుని మామూలు సిపాయిగా వెనుక వరుసలో నిలబడ్డాడు. ఆ తరువాతి సంవత్సరం మే నెలలో ఆ సీమ తన సైన్యమంతటినీ అతని చేతికే అప్పగించింది. జార్జ్ వాషింగ్టన్ అతనిలోని నమ్మకత్వం చూశాడు. 1778లో సైన్యానికి బండ్లు, గుర్రాలు, గుడారాలు సమకూర్చే పని అప్పగించాడు. 1780 చివర దక్షిణ సీమల సైన్యం మొత్తం అప్పగించాడు. అప్పటికి ఆ సైన్యానికి ఒంటి మీద సరైన బట్ట లేదు.

ప్రియులారా, రెండు వచనాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఖడ్గాలను సాగగొట్టి నాగటి నక్కులు చేసుకుంటారని మీకా 4:3 చెబుతుంది. నాగటి నక్కులను చెడగొట్టి ఖడ్గాలు చేయండని యోవేలు 3:10 చెబుతుంది. రెండూ కొలిమి మాటలే. గ్రీన్ తండ్రి మీకా మాటను పట్టుకుని బ్రతికాడు. కొడుకు రోజులు యోవేలు మాట వైపు తిరిగాయి.

1781 మార్చి 15న ఉత్తర కరోలినాలో గిల్‌ఫర్డ్ దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. మైదానం ఇంగ్లండు సేనాని కార్న్‌వాలిస్ చేతికి చిక్కింది, కానీ అతని సైన్యంలో నాలుగో వంతు చనిపోయారు లేదా గాయపడ్డారు. ఆ చుట్టుపక్కల ఊళ్లు క్వేకర్లవి. న్యూ గార్డెన్ అనే చోట వారి ఆరాధన మందిరం ఉంది. రెండు పక్షాల గాయపడినవారూ అక్కడి వారి చేతుల్లో పడ్డారు. ప్రార్థన చేసుకునే గది ఆసుపత్రి అయ్యింది.

అప్పుడు గ్రీన్ ఆ క్వేకర్లకు ఉత్తరం రాశాడు. తాను మీ సంఘంలోనే పుట్టి, మీ బోధలోనే పెరిగినవాణ్ణని గుర్తు చేసి, గాయపడిన వారిని ఆదుకోమని అడిగాడు. తన పక్షం వైపు వారిని తిప్పుకోవాలన్న ఆలోచన కూడా అందులో లేకపోలేదు. వారు పక్షం మారలేదు. తుపాకి పట్టినవాడివి, మమ్మల్నెందుకు అడుగుతావని కూడా అనలేదు. సైన్యాలు వచ్చి పోయి తమ గాదెలు ఖాళీ అయి ఉన్నా, తమ దగ్గర ఏదైనా ఉన్నంతవరకు కష్టంలో ఉన్నవారికి అందులో పాలు ఉంటుందని జవాబు రాశారు. అలాగే చేశారు. ఎర్రకోటు వేసుకున్నవాడికీ, వేసుకోనివాడికీ ఒకే చేతులు కట్టు కట్టాయి.

మా సంఘంలో ఒక తల్లి శుక్రవారం ఉపవాస కూడిక అయ్యాక మా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, మావాడు మిలటరీకి ఎంపికయ్యాడు. తుపాకి పట్టుకుంటే దేవుడు వాణ్ణి వదిలేస్తాడా?" అని అడిగింది. అమ్మగారు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. లూకా 3:14 తెరిచి చదివాం. సిపాయిలు యోహాను దగ్గరికి వచ్చి మేమేమి చేయాలని అడిగితే, ఆయన వాళ్లను తరిమేయలేదు. ఎవరినీ బాధపెట్టి దోచుకోవద్దు, అబద్ధపు నేరం మోపవద్దు, మీ జీతంతో తృప్తి పడండి అన్నాడు. అపొస్తలుల కార్యములు 10లో కొర్నేలీ శతాధిపతి. అతని ప్రార్థన దేవుని సన్నిధికి చేరింది. ఆ వాక్యాలే ఆమె చేతిలో పెట్టాం. సైనికుడికి ప్రమాదం తుపాకిలో ఎంత ఉందో, అధికారం చేతికి వచ్చాక మనసు మారడంలోనూ అంతే ఉందమ్మా, దానికోసం ప్రార్థన చేయండి అని చెప్పాం.

ఆ మాట ఊరికే అనలేదు. గ్రీన్ కథలో మాకు బరువుగా తోచిన భాగం యుద్ధం తర్వాతిదే. దక్షిణ సీమలను విడిపించినందుకు జార్జియా ప్రభుత్వం అతనికి సవన్నా నది ఒడ్డున మల్బరీ గ్రోవ్ అనే పెద్ద వరి భూమి బహుమతిగా ఇచ్చింది. ఆ పొలంలో పని చేసింది కొనబడిన నల్లజాతి దాసులు. అప్పటికే క్వేకర్లు ఈ విషయంలో మారుమనస్సు పొందుతున్నారు. జాన్ వుల్‌మన్ అనే దర్జీ ఊరూరా తిరిగి, దాసులను విడిపించమని సహోదరులను బ్రతిమాలాడు. 1760లో న్యూపోర్టుకు కూడా వచ్చాడు. ఫిలడెల్ఫియా వార్షిక సభ 1776లో దాసులను ఉంచుకునేవారికి సంఘంలో చోటు లేదని తీర్మానించింది. వార్నర్ మిఫ్లిన్ అనే క్వేకర్ ఇదే విషయమై గ్రీన్‌కు ఉత్తరం రాశాడు. దాస్యాన్ని సమర్థించడానికి మాట లేదని గ్రీన్ ఒప్పుకున్నాడు. అయినా దాసులను ఉంచుకున్నాడు.

మన తాతముత్తాతల్లో వెట్టి చేసినవారున్నారు. దొర పొలంలో పొద్దుపొడవకముందే దిగినవారున్నారు. కాబట్టి ఈ సంగతిని మనం తేలికగా దాటిపోలేం. స్వాతంత్ర్యం కోసం ఎనిమిదేళ్లు ఇల్లు విడిచి పోరాడినవాడు, తన పొలంలోని మనిషికి దాన్ని ఇవ్వలేకపోయాడు. తప్పని తెలిసీ వదలలేకపోయాడు.

అతణ్ణి అప్పులు కూడా తరిమాయి. తన సిపాయిలకు బట్ట, తిండి సమకూర్చడానికి ఒక వర్తకునికి హామీ ఉన్నాడు. ఆ వర్తకుడు మునిగిపోతే బాకీలవాళ్లు ఇతని మీద పడ్డారు. సామెతలు 6:1-5 చదవండి. 1786 జూన్‌లో, మండుటెండలో పొరుగువారి వరి పొలం చూసివచ్చి, వడదెబ్బతో చనిపోయాడు. నలభై మూడేళ్లు. భార్య కేథరిన్ ఐదుగురు పిల్లలతో మిగిలింది. ఆమె పోరాడగా 1792లో ప్రభుత్వం 47,000 డాలర్లు ఇచ్చింది. ఆ మరుసటి ఏడాదే పెద్దకొడుకు సవన్నా నదిలో మునిగి చనిపోయాడు.

ఆ ఇంటిని దేవుడు ఎలా చూశాడో తీర్పు చెప్పే స్థానం మనది కాదు. కానీ దావీదును తలచుకోండి. చాలా రక్తం ఒలికించావు గనుక నా మందిరం నువ్వు కట్టకూడదని ప్రభువు చెప్పాడు (1 దినవృత్తాంతములు 22:8). ఆ ఒక్క పనికి వద్దన్నాడు గాని, దావీదును కాదనలేదు. దేవుని "వద్దు" వేరు, వెలివేత వేరు. ఈ తేడా తల్లిదండ్రులకు తెలియాలి, సంఘ పెద్దలకు ఇంకా తెలియాలి.

మన ఇళ్లలో మనం నేర్పిన దారి విడిచి వెళ్లిన పిల్లలున్నారు. కులం చూసి భయపడి పేరు మార్చుకున్నవాడు, మందు అలవాటైనవాడు, చెప్పకుండా పెళ్లి చేసుకున్నది, పట్నం వెళ్లి మందిరం మరచిపోయినది. తప్పును తప్పు అనండి. మిఫ్లిన్ లాగా సూటిగా చెప్పండి. కానీ వారు ఏదో ఒక రోజు, ఏదో అవసరంలో, నేను మీ ఇంట్లో పుట్టినవాణ్ణని ఉత్తరమో ఫోనో చేస్తే, న్యూ గార్డెన్ సహోదరుల జవాబు ఇవ్వండి. ఈ వారం కుటుంబ ప్రార్థనలో అలాంటి ఒక్కరి పేరు ఎత్తి ప్రార్థించండి. వీలైతే మీరే ముందు ఫోన్ చేయండి.

మన నిరీక్షణ ఆత్మకు లంగరు వంటిదని హెబ్రీయులకు 6:19లో ఉంది. లంగరు నీటి అడుగున ఉంటుంది, పైనున్నవారికి కనిపించదు. ఓడ ఎంత దూరం కొట్టుకుపోయినా గొలుసు తెగనంతవరకు పట్టు ఉంది. ఆ గొలుసును మన చేతులతో మనం తెంపకుండా ప్రభువు మనకు సహాయం చేయును గాక. ఆమేన్.