రంగు వెయ్యని విమానం

మేముండేది ఒహాయోలో, డేటన్‌కి దగ్గర్లో. ఇక్కడి అమెరికా వైమానిక దళ మ్యూజియంకి టికెట్ లేదు కాబట్టి చలికాలపు ఆదివారాలు నాకు అక్కడే గడుస్తాయి. ప్లాస్టిక్ మోడల్ విమానాలు కట్టే అలవాటున్నవాడికి ఇంతకంటే మంచి ఊరు ఉండదనుకుంటాను. ముఖ్యంగా నాలా రంగు వెయ్యని విమానాలంటే ప్రాణం పెట్టేవాడికి.

రెండో ప్రపంచ యుద్ధంలో 1944 నుంచి అమెరికా ఫ్యాక్టరీలు చాలా విమానాలను రంగు పుయ్యకుండానే బయటికి పంపాయి. రంగు లేకపోతే బరువు తగ్గుతుంది, వేగం కొంచెం పెరుగుతుంది, తయారీలో సమయం మిగులుతుంది. అప్పటికి ఆకాశంలో దాక్కోవాల్సిన అవసరం కూడా తగ్గిపోయింది. పైగా ఆ రేకులకు పెయింట్ రక్షణ అంతగా అక్కర్లేదు. గట్టి మిశ్రమ లోహపు రేకుకి రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పలచటి పొరగా అతికి ఉంటుంది, తుప్పును ఆపేది ఆ పొరే.

అలాంటి విమానాన్ని మోడల్‌గా చేసేటప్పుడు చాలామంది మెరుపు వెంట పడతారు. నా అభిప్రాయంలో అసలు తప్పుదారి అదే. పీ-51 మస్టాంగ్‌నే తీసుకోండి. దాని రెక్క మీద గాలి ఒడిదుడుకులు లేకుండా సాగిపోవాలి. రివెట్ తలలు, రేకుల అతుకులు దానికి అడ్డు. అందుకని ఫ్యాక్టరీలోనే రెక్క ముందు భాగంలోని అతుకులను పుట్టీతో నింపి, సాఫుచేసి, పైన అల్యూమినియం పెయింట్ కొట్టేవారు. అంటే ఒళ్లు లోహం, రెక్క పెయింట్. చుక్కాని మీద బట్ట, దాని మీద వెండిరంగు పూత. మూడూ వెండిలాగే కనిపిస్తాయి, మూడూ వేరు. ఈనాటి ఎయిర్ షోలలో ఎగిరే మస్టాంగ్‌లకు యజమానులు రెక్కలు కూడా అద్దంలా పాలిష్ చేయిస్తారు. అవి అందంగా ఉంటాయి, కాదనను. కానీ వాటి ఫొటోలు చూసి 1944 నాటి విమానం కడితే అది 1944 నాటిది కాదు. యుద్ధకాలపు నలుపు తెలుపు ఫొటోలను నమ్మాలి. రేకుకీ రేకుకీ ఉన్న తేడా వాటిలో బాగా తెలుస్తుంది.

"అన్నీ వెండి రంగే కదా నాన్నా, ఇన్ని సీసాలెందుకు?" అని మా అమ్మాయి ఒకరోజు అడిగింది. నేను కట్టిన మస్టాంగ్ రెక్క మీద ఒక చెయ్యి, ఒంటి మీద ఒక చెయ్యి పెట్టి చూడమన్నాను. ఒంటి మీద తన వేలి నీడ కదిలింది, రెక్క మీద కదల్లేదు. రేకు తన చుట్టూ ఉన్నదాన్ని చూపిస్తుంది, పైన ఆకాశాన్నీ కింద నేలనీ. పెయింట్ తన రంగునే చూపిస్తుంది.

సికింద్రాబాద్‌లో చదువుకునే రోజుల్లో నాకు దొరికింది కిటికీ ఊచలకు వేసే అల్యూమినియం పెయింట్ ఒక్కటే. అందులో లోహపు పొడి ముతకగా ఉంటుంది. 1/48 స్కేల్ మోడల్ మీద ఒక మిల్లీమీటరంటే అసలు విమానం మీద దాదాపు 5 సెంటీమీటర్లు. ఆ లెక్కన పొడిలోని ప్రతి రేణువూ కంటికి కనిపించేస్తుంది. ఇక్కడ దొరికే ఆల్‌క్లాడ్, వల్లెజో మెటల్ కలర్, మిస్టర్ కలర్ సూపర్ మెటాలిక్ లాంటి రంగుల్లో రేణువు చాలా సన్నం. ఆ సన్నదనమే వాటి బలం.

ఇబ్బంది కూడా దానివల్లే. మామూలు రంగు చిన్న చిన్న గీతలను కప్పేస్తుంది, ఇది కప్పదు. కళాయి పూసేవాళ్లు గిన్నెను ముందు ఎంత తోముతారో, ఈ పనిలోనూ అంత తోమాలి. మోడల్ సగాలు అతికిన గీతను సూపర్ గ్లూతో నింపుతాను. పుట్టీ అయితే రంగును పీల్చుకుని మచ్చలా తేలుతుంది. తర్వాత 400 నంబరు నుంచి మొదలుపెట్టి 2000 దాటేదాకా ఉప్పు కాగితం, నీళ్లతో. ఆ పైన నిగనిగలాడే నల్ల రంగు. అద్దంలాంటి మెరుపు కావాల్సిన చోట ఈ నలుపే ఆధారం. అది పూర్తిగా ఆరాక, ఎయిర్‌బ్రష్‌లో గాలి 12–15 పీఎస్ఐ దగ్గర ఉంచి, లోహపు రంగును మంచు పట్టినంత పలచగా, పొర మీద పొర. నలుపు పూర్తిగా మూసుకుపోకముందే ఆపాలి. ఎక్కువైతే మళ్లీ ఊచల పెయింటే. ఈ రంగుల్లో లాకర్ రకాల ఘాటు మామూలుది కాదు. బేస్‌మెంట్ కిటికీకి ఫ్యాన్ బిగించకుండా, మాస్కు పెట్టుకోకుండా వాటిని ముట్టుకోవద్దు.

ఇక పెయింట్‌కి సాధ్యం కానిది రేకుకి సాధ్యం. వెనుక జిగురున్న అతి పలచటి బేర్ మెటల్ ఫాయిల్‌ను ఒక్కో ప్యానెల్‌కీ విడిగా అతికిస్తారు. ఫ్యాక్టరీలో ఆ రేకు సాగిన దిశలో సన్నటి చారలుంటాయి. పక్క ప్యానెల్‌కి ముక్కను అడ్డంగా తిప్పి అతికిస్తే చాలు, అదే రేకు వేరే ఛాయలో కనిపిస్తుంది. నిజం విమానంలోనూ కొంతవరకు జరిగేది ఇదే. పెయింట్‌తో ఈ తేడా తెద్దామని చదరంగం బల్లలా గళ్లు గళ్లుగా కొట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. తేడా ఉండాలి, కానీ మోడల్‌ను చేతిలో తిప్పినప్పుడే తెలియాలి.

జెట్ల తోక భాగం వేరే చదువు. మా బాబాయి హైదరాబాద్‌లోని మిధాని లోహాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. "వేడెక్కిన టైటానియం ముందు గడ్డిరంగు, తర్వాత ఊదా, ఆ పైన నీలం, వరస తప్పదురా" అనేవాడు. లోహం మీద పెరిగే ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి కనిపించే రంగు అలా మారుతుంది. ఎఫ్-100 సూపర్ సేబర్ తోకకు పారదర్శక రంగులు చల్లేటప్పుడు ఆయన చెప్పిన వరసే పాటిస్తాను.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది మన మిగ్-21 ఎఫ్‌ఎల్. 1971 యుద్ధానికి ముందు మన వాయుసేనలో ఎగిరిన, రంగు వెయ్యని రూపం. ముక్కు శంకువు, తోక కొస ఆకుపచ్చ, మిగతాదంతా లోహం. వాయుసేన గుర్తులకు డీకాల్స్ వాడను. లోహం మీద వాటి అంచు పొర బూడిదరంగులో బయటపడుతుంది. ఆ గుర్తుల వలయాలకు టేపుతో మాస్కులు కోసిపెట్టాను. జిగురు తక్కువున్న టేపు కాబట్టి కింది లోహపు రంగు లేచిరాదు. ముందు తెలుపు, అది ఆరాక బయట కాషాయం, ఆఖరున నడుమ ఆకుపచ్చ.