తాకితే రాలే పూలు

జెద్దా పాతపట్నం అల్ బలద్ దగ్గర, అల్ అర్బయీన్ మడుగు ఒడ్డున, 2024 జూన్‌లో ‘టీమ్‌ల్యాబ్ బోర్డర్‌లెస్’ మ్యూజియం తెరిచారు. జపాన్ కళాకారుల బృందం చేసిన పని ఇది. లోపల గోడలూ నేలా అంతా వెలుగుబొమ్మలే. కదలకుండా నిలబడితే మన దగ్గర పూలు విరబూస్తాయి, తాకితే రేకులు రాలిపోతాయి. ఇదంతా ముందే తీసి పెట్టుకున్న వీడియో కాదు. మన కదలికల్ని సెన్సర్లు పసిగడితే, కంప్యూటర్ అప్పటికప్పుడు బొమ్మ గీస్తుంది. అందుకే ఒకసారి చూసిన దృశ్యం మళ్లీ రాదు.

యంత్రాలు కొత్తవే కానీ, ఆలోచన మనకు పాతదే. హరికథలో దాసుగారు జనం చేత ‘గోవిందా’ అనిపిస్తూ కథ నడుపుతారు. తోలుబొమ్మలాటలో కేతిగాడు చూసేవాళ్లనూ ఆటపట్టిస్తాడు.

మరి మన ఉగాది వేడుకల్లో? తెరమీద స్లైడ్లు వాటి మానాన అవి వెళ్లిపోతుంటే, పిల్లలు ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. ఈసారి ఒక పొడుపుకథ వేసి, తెలుగులో జవాబు వచ్చేదాకా తర్వాతి స్లైడు ఆపి చూడండి. దీనికి సెన్సర్లు కూడా అక్కర్లేదు. భాష నోటికి రావాలంటే, ముందు నోరు విప్పే అవకాశం ఉండాలి కదా!